తాంబాళంలో ఆకాశం

"నాయినా, రేపు సోలారోళ్లు వస్తున్రు. గీ పావురాల గూడు ఇయ్యాలనే తీసెయ్యాలె," అన్నాడు హరికిషన్, డాబా మీద టేపు పట్టి కొలతలు తీస్తూ.

రాజమల్లయ్య గూటికి అడ్డంగా నిలబడ్డాడు. నలభై ఏళ్లు సిద్దిపేటలో నడిపిన బట్టల దుకాణాన్ని కొడుకు చేతిలో పెట్టిన రోజు కూడా ఆయనకు ఇంత కష్టం అనిపించలేదు. గూట్లో మిగిలిందల్లా ఒక్క పావురం. పేరు మోతి.

"గిది ఎసొంటి వంశమో ఎరికేనారా? మా పెండ్లయిన యేడు, దిగకుంట ఎగిరే పందెం గెలిచిన దాని సంతతి. పొద్దుగాల ఏడింటికి ఇడిస్తే పొద్దుగూకే దాక దిగలే. కంటికి ఆనలే. దిగినంక పట్టుకొని చూస్తే గొంతు కింద సంచి నిండుగ ఉండె! అంత ఎత్తుకు పోయిందని దేవుడే పిలిచి బువ్వ పెట్టిండు."

ఈ కథ హరికిషన్ ఉగ్గుపాలతో తాగినదే. అతని కూతురు రిషిత అప్పటికే ఫోన్లో వెతికేసింది.

"తాతా, ఒక రాబందు ముప్పై ఏడు వేల అడుగుల ఎత్తుల విమానానికి తగిలిందంట. హిమాలయాల మీదికెళ్లి బాతులు పోతయంట. పావురాలైతే అంత ఎత్తు పోవంట."

"గా ఫోనుకు మన మోతి ఎరికేనా?"

హరికిషన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "గిది నీళ్ల ట్యాంకు దాటి ఎగరక రెండేండ్లాయె. సరే, పందెం. ఇప్పుడు పదకొండు. ఐదింటి దాక గూటి మీద వాలకుంటే గూడు ముట్ట. వాలిందా, నీ చేతులతోని నువ్వే ఇప్పాలె."

"మాట తప్పొద్దు మరి."

రాజమల్లయ్య మోతి తలను ముద్దు పెట్టుకుని వదిలాడు. అది రెండు చుట్లు తిరిగి కోమటిచెరువు దిక్కుకు లేచింది. ఆయన పాత ఇత్తడి తాంబాళం తెచ్చి నీళ్లు పోసి, స్టూలు వేసుకుని దాని మీదికి వంగి కూర్చున్నాడు. పావురాలు ఎగరేసేవాళ్లు గంటలకొద్దీ పైకి చూడరు. మెడ పట్టేస్తుంది, ఎండకు కళ్లు చెదురుతాయి. నీళ్లలో ఆకాశాన్ని చూస్తారు. ఆ రోజుల్లో ఈ తాంబాళం చుట్టూ పదిమంది ఉండేవారు. పందెం తీర్పరి కూడా వాళ్ల పక్కనే కూర్చుని, ఆయన భార్య సుశీల తెచ్చే చాయ తాగుతూ ఇందులోకే చూసేవాడు. ఎంత నవ్వేవారో! ఇప్పుడు వాళ్లలో ఒక్కరూ లేరు.

ఒంటిగంటకు సుశీల పైకి వచ్చింది. "జర బువ్వ తినిపోరాదు?"

"కన్ను తిప్పితే చుక్క పోతది. గదిగో, కనవడుతుందా?"

సుశీల నీళ్లలోకి తొంగిచూసింది. "ఆఁ, కనవడుతుంది. నాకు జొన్నలు చెరిగేది ఉంది," అని గబగబా దిగిపోయింది.

కాసేపటికి రిషిత మంచినీళ్లకు కిందికి వెళ్తే, "వంటింట్లకు రాకు బిడ్డా, ఇప్పుడే తుడిచిన," అన్న నానమ్మ గొంతు పైకి వినిపించింది.

నాలుగింటికి రాజమల్లయ్యకు ఆ చుక్క కూడా కనబడలేదు. డేగ ఏమైనా తన్నుకుపోయిందా? గూడు పోతే పోనీ, మోతి వస్తే చాలనుకున్నాడు.

ఐదూ ఐదయింది. నీళ్లలో ఏదీ కదల్లేదు. వెనక మాత్రం రెక్కల చప్పుడైంది. తిరిగి చూస్తే గూటి మీద మోతి!

హరికిషన్ గడియారం చూసుకుని టేపు జేబులో పెట్టుకున్నాడు. "గెలిచినవ్ నాయినా. ప్యానెళ్లు అటు పక్కకు జరుపుత," అని కూతురితో కిందికి పోయాడు.

రాజమల్లయ్య మోతిని గుండెకు హత్తుకున్నాడు. కళ్లు చెమర్చాయి. పాత అలవాటు కొద్దీ బొటనవేలు దాని గొంతు కిందికి పోయింది. సంచి నిండుగా ఉంది. వేలి కింద గింజలు గరగరలాడాయి.

తాంబాళం తీయడానికి సుశీల వచ్చింది. ఆమె కొంగుకు రెండు జొన్నగింజలు అంటుకుని ఉన్నాయి. ఆయన ఆ గింజల వంక, ఆమె వంక మార్చి మార్చి చూశాడు.

"సుశీలా... మన పెండ్లయిన యేడు... పైన బువ్వ పెట్టిన దేవుడు..."

సుశీల నీళ్లు ఒంపేసి, తాంబాళం చంకన పెట్టుకుంది.

"పైన కాదు," అంది మెల్లగా, "మన వంటింట్ల."