కౌలాలంపూరు ముచ్చట

ఆకేరు వాగు పొంగి మరిపెడ తోవను మింగిన ఏడాదికి అది మూడో ఏడు. సకల జనుల సమ్మెకు బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయి, ఎవరి ఊరికి వారు నడిచి చేరుకుంటున్న రోజులు.

“వీని మాట నమ్మకు వదినా. అది ఊరు కాదు, బోను,” అన్నాడు వెంకటేశ్.

“నీకు కండ్లుంటే గద కనవడేది. స్వర్గం వదినా అది,” అన్నాడు దేవ్‌సింగ్.

ఇద్దరూ కౌలాలంపూరు నుంచి వచ్చినవాళ్ళే. దేవ్‌సింగ్‌ది ఈ తండాకు పక్క తండా, వెంకటేశ్‌ది పాలకుర్తి దగ్గర పల్లె. సోని పెనిమిటి అమర్‌సింగ్‌తో పాటు అక్కడ బిల్డింగు పని చేశారు. కాగితాలు లేని కూలీలను అక్కడి సర్కారు తిప్పి పంపుతుంటే హైదరాబాదులో దిగి, దొరికిన లారీ ఎక్కి, తొర్రూరు దాటాక కాళ్ళకు పని చెప్పి వచ్చారు. అమర్‌సింగ్ రాలేదు.

భీమ్లా గుంజకు ఆనుకుని వింటున్నాడు. అమర్‌సింగ్‌కు తమ్ముడు వాడు. అమ్మా నాయినా పోయాక అన్న చేతి బువ్వ తిని పెరిగాడు. వదినకు నెలలు నిండాయి. కాన్పుకు ఎట్లైనా వచ్చి వాలుతానని చెప్పి పోయిన మనిషికి వానలు పడ్డప్పటి నుంచి ఫోను లేదు. అన్న వస్తాడా, రాడా? భీమ్లాకు కావలసింది ఆ ఒక్క మాట. వచ్చినవాళ్ళు ఊరి కోసం తగువు పడుతున్నారు.

“స్తంభాల మీద రైలు ఉరుకుతది వదినా. నడిపేటోడే ఉండడు. లోపల కూసుంటే దుప్పటి కప్పుకోబుద్దైతది. రెండు గోపురాలున్నయి, మబ్బులు వాటిని ఒరుసుకుంట పోతయి.”

“ఎక్కినవా వాటిని?” వెంకటేశ్ అడిగాడు.

“సూసిన.”

“యాడికెల్లి సూసినవ్? మనం సిమెంటు మోసే సగం బిల్డింగు మీదికెల్లి. దినాం పగటీలి వాన. పిండి ఆరేసిన అంగీ ఆరనే ఆరదు. పోలీసోళ్ళొస్తె నీళ్ళ ట్యాంకుల దాసుకున్న ముచ్చట చెప్పు వదినకు.”

“దాసుకున్న. గని ఆ నీళ్ళు సూడాలె వదినా. అద్దం లెక్క.”

సోని పొట్ట పట్టుకుని నవ్వింది. “మరి తిండి?”

“అరవోళ్ళ హోటళ్ళున్నయి. ఎప్పుడు పోయినా వేడి రొట్టె.”

“దాన్ని రొట్టె అంటవా? మన జొన్న రొట్టె ముందల అది కాగితం,” అన్నాడు వెంకటేశ్.

సోని నవ్వు ఆపి కొంగు సర్దుకుంది. “ఊరు అంత మంచిగుంటె మీ అన్నకు నేనెందుకు యాదికొస్త? ఎవతన్న దొరికిందేమో అడుగు భీమ్లా.”

భీమ్లాకూ లోపల పురుగు తొలుస్తున్నది అదే. అన్న నిజంగానే ఆ ఊరి మెరుపులకు మరిగాడేమో. ఇక ఆగలేక నోరు విప్పాడు.

“దేవన్నా, మా అన్న ఎట్లున్నడు?”

దేవ్‌సింగ్ చెంబెత్తి నీళ్ళు తాగాడు. “అమరన్న మంచిగున్నడు. మేస్త్రీ ఇడిసిపెడ్తలేడు. దీపావళి దాటినంక వస్తడు.”

భీమ్లా రెండో మనిషి వైపు తిరిగాడు.

“అమరన్న మంచిగున్నడు,” అన్నాడు వెంకటేశ్. “మేస్త్రీ ఇడిసిపెడ్తలేడు. దీపావళి దాటినంక వస్తడు.”

“అమ్మయ్య, ఈ ఒక్కదానికాడన్న ఇద్దరికీ కుదిరింది,” అంది సోని. ఆమె ముఖం తేటపడింది. “బువ్వ తిని పోండి.”

“వద్దు వదినా, ఇంటికాడ ఎదురుసూస్తుంటరు,” అని ఇద్దరూ లేచారు.

భీమ్లా తండా చివరి దాకా తోడు వెళ్ళాడు. మలుపు దగ్గర వెంకటేశ్ వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

“బస్సుల్లేవు. వదినను దవాఖానకు తీసుకపోవాలె గద, ఆటో ముందుగాలనే మాట్లాడి పెట్టుకో,” అన్నాడు. పోయొస్తం అనకుండానే ఇద్దరూ చెరో దిక్కు పోయారు.

తెల్లారి భీమ్లా తువ్వాల భుజాన వేసుకున్నాడు.

“ఎటు?” అంది సోని.

“మరిపెడ. సమ్మె శిబిరంల ఇయ్యాల అందరు గుండ్లు గీయించుకుంటున్నరట.”

“నీకెప్పటికెల్లి పట్టింది తెలంగాణ? మొన్న ర్యాలీకి పిలుస్తె పోకపోతివి. మీ అన్నొచ్చి సూస్తె గుర్తువడతడా నిన్ను?”

“పట్టకపోతె పాయె,” అన్నాడు భీమ్లా. అన్న మీది కోపం అనుకుంది సోని.

శిబిరంలో డప్పులు మోగుతున్నాయి. రోడ్డు పక్క టెంటు కింద జనం వరసగా కూర్చున్నారు. మంగలి కొమురెల్లి కత్తి ఆడిస్తూనే, “ఏందే భీమ్లా, నువ్వు గూడ దిగినవా కొట్లాటల?” అన్నాడు. భీమ్లా తల వంచాడు. గీయడం అయిపోగానే ఎవరో మెడలో గులాబీ కండువా వేశారు, ఇంకెవరో జై కొట్టారు. వాడు కండువా తీసి పక్కవానికి ఇచ్చి లేచాడు.

ఇంటి దారి పట్టకుండా కాలువ గట్టు దిగాడు. చుట్టూ ఎవరూ లేరు. నిండా మునిగి లేచి, దోసిట్లోకి నీళ్ళు తీసుకున్నాడు.

అన్న పేరు చెప్పి వదిలాడు.