నలభై గిగాబిట్ల దొంగతనం

సోమవారం పొద్దున్న మారిట్ ఓల్సన్ చూసేసరికి, ఆమె డిస్కుకున్న సెకనుకి నలభై గిగాబిట్ల వేగం మాయమైపోయింది.

ఆదివారం రాత్రి దాకా నిమిషంలో కాపీ అయిన ఫైళ్లు ఇప్పుడు గంటన్నర తీసుకుంటున్నాయి.

ఆ వేగం, డిస్కునీ కంప్యూటర్నీ కలిపి నడిపించే ప్రోగ్రాంది; మూడేళ్లుగా ఆమె రాస్తున్న డ్రైవర్ అది. కొత్త రకం పోర్టుకి డిస్కు తగిలిస్తే, డబ్బు పోసి కొనే సిస్టమ్‌లతో సమానంగా, ఎవరైనా ఉచితంగా వాడుకునే 'టామరాక్' ఆపరేటింగ్ సిస్టమ్ కూడా పరిగెత్తాలి. శుక్రవారం సాయంత్రం ఐదింటికి కొత్త విడుదల తలుపులు మూస్తారు. ఈలోగా వేగం తిరిగి రాకపోతే డ్రైవర్ బయటే.

ఇంకొకరి దగ్గర పరీక్షిద్దామంటే, ఆ రకం డిస్కు ప్రాజెక్టు మొత్తానికి ఒక్కటే ఉంది. అది పోర్ట్‌లాండ్‌లో, మారిట్ బల్ల మీద.

టామరాక్ వాళ్లకో నియమం ఉంది. పని గురించి ఏం మాట్లాడుకున్నా మెయిలింగ్ లిస్టులోనే, లోకమంతా చదివేలా. చెవిలో గుసగుసలు నిషేధం.

మారిట్ లిస్టులో రాసింది. "నా కోడ్‌ని ఎవరో కెలికారు."

విడుదల బాధ్యతలు చూసే డెస్మండ్ పైక్ దగ్గర్నుంచి వెంటనే జవాబు వచ్చింది.

"మారిట్ గారూ, మీ కోడ్‌ని కెలకాలంటే ముందు అది అర్థం కావాలి కదా. అంత మొనగాడు మనలో ఎవరండీ?"

"మీకు అర్థం కాదని తెలుసు డెస్మండ్ గారూ. అందుకే మీ మీద అనుమానం లేదు."

ఇక నిపుణులు దిగారు. ఇది పెద్ద కంపెనీల కుట్ర అని ఒకాయన తేల్చేశాడు. కోడ్‌లో వరుస మొదట ఎన్ని ఖాళీలు వదలాలన్న పాత తగువును ఇంకొకాయన తవ్వాడు. దాంతో బుధవారం గడిచిపోయింది. వందల మంది కూర్చుని, చదవడానికి వీలున్నదంతా చదివారు. ఒక్క అక్షరం తప్పు దొరకలేదు.

మాంట్రియల్ నుంచి ఒడెట్ అనే ఆవిడ విసుక్కుంది. "దూరం నుంచే ఇలా కొట్టుకుంటున్నారు. మీ ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెడితే ఏమయ్యేదో!"

"ఏమీ కాదండీ. ఆవిడ తలెత్తితే కదా!" అని రాశాడు డెస్మండ్.

గురువారం అతనే మళ్లీ కదిలించాడు. "కాపీ అయ్యే ఆ గంటన్నరా ఏం చేస్తున్నారు మారిట్ గారూ?"

"కోడ్ చదువుతున్నాను. ఇంకేం చేస్తారు?"

"పూర్వం జనం ఆ టైములో కాఫీ తాగేవాళ్లు. కబుర్లు చెప్పుకునేవాళ్లు."

"మీకు పనేం లేనట్టుంది. మీరు తాగండి."

శుక్రవారం నాలుగున్నరకు మారిట్ నుంచి ఆఖరి ఉత్తరం వచ్చింది. అందులో వెటకారం లేదు.

"నా వల్ల కాలేదు. తప్పు నాదే అయ్యుంటుంది, కనిపించడం లేదు. మూడేళ్లూ వృథా. డ్రైవర్ తీసేయండి."

ఎప్పుడూ తడుముకోని డెస్మండ్ ఈసారి పావుగంట తీసుకున్నాడు. లిస్టులో ఉన్న వేలమంది చూస్తుండగా జవాబు వచ్చింది.

"తీసేయను, ఎందుకంటే దొంగని నేనే: ఫైళ్లు కాపీ అయ్యేంతసేపే నువ్వు తలెత్తి నాతో మాట్లాడేదానివి, నీ వేగం ఆ గంటన్నర కూడా మింగేసింది, అందుకే సోమవారం నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు డిస్కు కేబుల్ పీకి, చూడ్డానికి అచ్చం అలాగే ఉన్నా నత్తనడక నడిచే నా ఫోన్ ఛార్జర్ కేబుల్ పెట్టాను, అసలుది టోస్టర్ వెనకాల ఉంది, ఇంకా పావుగంట టైముంది, నీ వేగానికి ఒక్క నిమిషం చాలు, ముందు ఒక్కసారి తలెత్తి, ఎదురు కుర్చీలో ఉన్న నీ మొగుణ్ని నోరారా తిట్టు."