గంగులమ్మ బరువు

ఆసుపత్రి కాటా ముల్లు నూటఇరవై దాకా పోయి, ఇంక అంకెల్లేక కొసన తగులుకుని నిలబడిపోయింది. గంగులమ్మ రెండో కాలు ఇంకా పూర్తిగా నేల వదల్లేదు.

"దీంతో కాదు, దింపండి," అనింది డాక్టర్ దీప.

గిరిబాబు, నర్సు స్వర్ణ చెరో పక్కా పట్టుకుని ఆమెను మంచం మీద కూర్చోబెట్టినారు. పడుకోబెడితే ఊపిరాడటం లేదు. ముందుకు వంగి, నోరు తెరుచుకుని, ఒక్కో శ్వాసా అడుక్కుంటున్నట్టు తీసుకుంటాండాది. డెబ్బై ఏండ్ల మనిషి. పుంగనూరులో చింతపండు మండీని ఒక్క గొంతుతో నడిపించే మనిషి. ఆ తల్లిని ఇట్లా చూడలేకపోయినాడు గిరిబాబు.

డాక్టర్ అతన్ని పక్కకు పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది. ఎడమ కాలి నరంలో రక్తం గడ్డకట్టింది, అందులో ముక్కలు ఊపిరితిత్తుల్లోకి పోతున్నట్టుంది. కుప్పం పెద్దాసుపత్రికి పోవాల, ఇంత బరువు మోసే స్కానింగు బల్ల ఆడ ఉండాది. కానీ రెండు గంటల దారి. ముందు ఇంజెక్షన్ పడకుండా బండెక్కిస్తే ప్రాణానికి పూచీ లేదు. ఆ మందేమో కేజీల లెక్కన ఇచ్చేది. తక్కువైతే గడ్డ ఆగదు, ఎక్కువైతే ఈ వయసులో తలలో నెత్తురు కారొచ్చు. అంచనాతో పొడిచే సూది కాదది.

"మా మండీ కాటా మూడు క్వింటాళ్ళు మోస్తాది డాక్టరమ్మా. పది నిమిషాల్లో తెస్తా," అన్నాడు గిరిబాబు.

"వద్దు." గంగులమ్మ తలెత్తింది. "ఆ కాటా వద్దు గిరీ. నన్ను చింతపండు మూట మాదిరి తూస్తావా?"

గిరిబాబుకు గుండె తరుక్కుపోయింది. పోయినేడు మదనపల్లెలో ఒక ఆసుపత్రికి పోతే కుర్చీ విరిగి కింద పడింది, వరండాలో ఉన్నోళ్ళంతా నవ్వినారు. అప్పటి నుంచి ఆసుపత్రి గడప తొక్కనంటాది. వాచిన కాలును పది దినాలు చీర కుచ్చిళ్ళ కింద దాచింది. ఇప్పుడూ బీపీ పట్టీ దండచేతికి చుట్టు రాక, స్వర్ణ ముంజేతికి కట్టింది. సిగ్గుతో సచ్చిపోతాదేమో మా యమ్మ అనుకుంటా పరిగెత్తినాడు.

మండీలో కాటా మీద నిమ్మనపల్లె రైతు గురప్ప అమ్మను తెచ్చిన చింతపండు మూటలు ఉండాయి. సంగతి వినంగానే ఆ ముసలాయన మూటలు తనే కిందికి దొర్లించేసినాడు. నా మూటలు యాడికి పోతాయప్పా, ముందు అక్కను సూడు అంటా కాటా రెండో కొస ఎత్తి ఆటోలో పెట్టించి, తనూ ఎక్కినాడు. ఆయన ఒళ్ళో పెట్టుకున్న, కాటా అంకెలు చూపించే డబ్బాకు పసుపు, కుంకుమ బొట్లు. ప్రతి శుక్రవారం గంగులమ్మే పెడతాది. కాటా రిపేరు మనిషిని కూడా ఆమే పిలిపిస్తాది. గిరిబాబుకు లారీల పనే గానీ మండీ పని పట్టదు.

ఆసుపత్రిలో కాటా దింపి, ఇద్దరూ చంకల కింద చేతులేసి గంగులమ్మను దాని మీద కూర్చోబెట్టి, ఒక్క క్షణం వదిలినారు. ఎర్ర అంకెలు గబగబా ఎగిరి నిలబడినాయి. నూటముప్పై ఎనిమిది.

డాక్టర్ కాగితం మీద రాసుకుంది. మళ్ళీ మంచం మీదికి చేర్చేసరికి గంగులమ్మ పెదాలు నల్లబడినాయి. వెనక్కి వాలితే ఊపిరి ఆగిపోతాది, ముందుకు ఒరిగితే పడిపోతాది. గురప్ప మంచమెక్కి వెనకాల కూర్చుని రెండు చేతులూ ఆమె వీపుకు ఆనించి నిలబెట్టినాడు.

గంగులమ్మ కుప్పంలో ఇంకోసారి తూసి అప్పుడు వెయ్యండి అని బతిమాలింది. అంతవరకూ మీరు ఉండరమ్మా అని డాక్టర్ మొహం మీదే చెప్పేసింది. స్వర్ణ మందు సిరంజిలోకి లాగింది.

"గురప్పను... బయటికి పొమ్మను గిరీ."

గిరిబాబుకు ఒళ్ళు మండింది. "అందరం సూసేసినాము కదమ్మా నీ బరువు. ఇంకా యాల సిగ్గు?"

గురప్ప పాపం మొహమాటంగా చేతులు తీసినాడు. తీసీ తియ్యకముందే గంగులమ్మ వెనక్కి ఒరిగి గిలగిలా కొట్టుకునింది. పట్టుకో పట్టుకో అని డాక్టర్ అరిచింది. ఆయన మళ్ళీ ఎత్తి పట్టినాడు.

"ఏం గాదక్కా," అన్నాడు ఆమె చెవి దగ్గర. "బరువుదేముండాది. నేనెవురికీ సెప్పను."

ఆ మాటకు గంగులమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. డాక్టర్ ఆమె పొట్ట దగ్గర దూదితో తుడిచి సూది ఆనించబోయింది. గంగులమ్మ చప్పున ఆ మణికట్టు పట్టుకునింది.

"నూటముప్పై ఎనిమిది కాదు తల్లీ. నూటయాభై లెక్కన ఎయ్యి సూది."

డాక్టర్ ఆగిపోయింది. మీకెట్లా తెలుసని అడిగింది. అమ్మకు మతి తప్పింది, మీరు వెయ్యండని గిరిబాబు అన్నాడు. మన కాటా ఎప్పుడైనా తప్పు సెప్తాదా అని తల్లిని కసురుకున్నాడు.

గంగులమ్మ కొడుకు వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని, వీపున ఆనిన ఆ రెండు చేతులకే చెప్పినట్టుగా చెప్పింది.

"సేతులు తియ్యొద్దు గురప్పా. మా కాటా క్వింటాలుకు ఎనిమిది కేజీలు తక్కువ సూపిస్తాది."