చీమల ప్రొఫెసర్ మీద ఒక మాట

"కొంప మునిగింది వదినా!"

పురుగుల శాస్త్రం చెప్పే మేడమ్ కంప్యూటర్ ముందు నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుంది. పక్క క్లాసులో పాఠం చెబుతున్న వదిన చేతిలో సుద్దముక్కతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందే?"

"పొద్దున మన ఈమెయిల్ గ్రూపులో నువ్వు కబురు పెట్టావు చూడు, చీమల ప్రొఫెసర్ ప్రసంగం ఉంది, అందరూ రమ్మని."

"పెట్టాను. అయితే?"

"నీ ఒక్కదానికే వస్తుందనుకుని జవాబు కొట్టాను. అది గ్రూపుకి పోయింది!"

వదిన తెర మీదికి వంగి చదివింది. 'నేను రాను వదినా. ఆయన మాట్లాడితే చీమలు కూడా బెల్లం వదిలేసి నిద్రపోతాయి.' కింద మేడమ్ పేరు, డిగ్రీలు, ఫోన్ నంబరు పొందిగ్గా ఉన్నాయి.

వదినకు నవ్వు తన్నుకొచ్చింది.

"నవ్వకు! రేపు నా ఉద్యోగం పర్మనెంటు చేసే ఇంటర్వ్యూలో కూర్చునేది ఆయనే."

నవ్వు టక్కున ఆగింది. ఆ గ్రూపులో దేశదేశాల పురుగుల పండితులున్నారు. ఒకరు రెక్కల పురుగు ఫొటో పెడితే పదిమంది దాని పేరు చెబుతారు. ఇంకో పదిమంది కాదని కొట్లాడతారు. చీమల ప్రొఫెసర్ కూడా అందులో ఉన్నారు.

"పంపేముందు పైన అడ్రసు చూసుకోమని మీ అన్నయ్య ఎన్నిసార్లు చెప్పాడే!"

"ఇప్పుడు అన్నయ్య గొడవెందుకు? దారి చూపించు."

వదిన ఆలోచించింది. "ఆగు. గ్రూపుకి ఏది రాసినా ముందు మోడరేటర్ చూస్తాడు. ఆయన సరేనంటేనే అందరికీ వెళ్తుంది. నీ మెయిల్ నాకింకా రాలేదు."

"ఎవరాయన?"

"ఎవరికి తెలుసు? పేరుండదు, అడ్రసొకటే. కాళ్ళావేళ్ళా పడు."

మేడమ్ గబగబా కొట్టింది. 'అయ్యా, నా మెయిల్ ఆపండి. అది చీమల ప్రొఫెసర్ కంటపడితే ఉద్యోగానికి నీళ్ళొదులుకోవాల్సిందే. మీ మేలు మరచిపోను.'

ఇద్దరూ తెర కేసి చూస్తూ కూర్చున్నారు. వదిన క్లాసులో పిల్లల గోల మిన్నంటింది. ఆమె కదల్లేదు.

టింగుమంది.

'కంగారు పడకమ్మా. ఆపేశాను. ఎవరికీ వెళ్ళలేదు.'

"బతికాను వదినా!" మేడమ్ వదినను వాటేసుకుంది.

"వదలవే, కింద ఇంకా ఏదో ఉంది."

మేడమ్ తెరను కిందికి జరిపింది.

'రేపు ఇంటర్వ్యూకి ధైర్యంగా రా. నేను తక్కువే మాట్లాడతాను.'