తాళి షాట్‌లో గులాబీ

పెళ్లి వీడియోలో ఒక మనిషి కనపడకూడదట. అదీ సురేంద్ర తెచ్చిన పని.

నంద్యాల బస్టాండు వెనక సందులో భ్రమరాంబిక వీడియో మిక్సింగ్ షాపు. వచ్చేవాళ్లంతా ఆమెను అక్కా అనే పిలుస్తారు. సురేంద్ర కూడా అక్కా అంటూనే క్యాసెట్ బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆళ్లగడ్డలో మొన్ననే పెళ్లయింది అతనికి. అమ్మాయిది గోస్పాడు.

"ఆకుపచ్చ చీర కట్టినామె యాడా కనపడగూడదక్కా. తీసెయ్యల్ల."

"పేరు లేదా ఆమెకు?"

సురేంద్ర నేల చూపులు చూశాడు. "ఏ పేరైతే ఏందిలే."

నసిగి నసిగి సంగతి బయటపెట్టాడు. ఆమె మొగుణ్ని వదిలేసిన మనిషి. ఆ మాట పెళ్లయ్యాక ఎవరో అతని మామ మద్దిలేటి చెవిన వేశారు. అలాంటి మనిషి తాళి కట్టేటప్పుడు వెనక నిలబడిందా అని ఆయన ఎగిరిపడ్డాడు. ఆమె లేని సీడీ చూపిస్తే తప్ప కూతుర్ని కాపురానికి పంపనన్నాడు. పుట్టింట్లో ఆ పిల్ల అన్నం మానేసి ఏడుస్తోందట.

"ఆమె మొగుణ్ని ఎందుకు వదిలేసిందో మీ మామకు చెప్పినావా?"

"లేదక్కా."

"తాగొచ్చి తంతే నెత్తి పగిలి ఆస్పత్రిలో పడిన సంగతి?"

అతను క్యాసెట్‌ను ఆమె వైపు జరిపాడు. భ్రమరాంబికకు లేచి బయటికి పొమ్మనాలనిపించింది. కానీ అన్నం మానేసిన ఆ పిల్ల ఏం పాపం చేసింది? కంప్యూటర్ ఆన్ చేసింది.

ముందు కావాలనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచింది. కంప్యూటర్‌తో పాటు వచ్చిందది. కత్తిరించడం, అతికించడం తప్ప దానికేమీ రాదు. ఆకుపచ్చ చీర ఉన్న ముక్కలన్నీ కత్తిరించుకుంటూ పోయింది. బంతిలో ఆమె వడ్డిస్తున్న ముక్క పోయింది. ఎవరి బిడ్డనో చంకనేసుకుని నవ్వుతున్న ముక్క పోయింది. ఆఖరికి తాళి దగ్గరికొచ్చింది. పెళ్లికూతురి జడ ఎత్తి పట్టుకున్నది ఆమే. అదీ కత్తిరించింది. ఇప్పుడు తెర మీద పెళ్లికూతురి మెడ బోసిగా ఉంది, మరుక్షణం మెడలో తాళి ఉంది. కట్టినవాడు మాత్రం లేడు.

"ఉచితంగా వచ్చింది ఇంతే చేస్తాది. ఆమె పోతే నీ తాళి కూడా పోతాది."

సురేంద్ర కుదురుగా కూర్చోలేకపోయాడు. "నీకాడ కొన్నది ఉండాది కదక్కా. దాంట్లో అయితే మొగం మీద పువ్వు పెట్టొచ్చంట."

అంటే అన్నీ కనుక్కునే వచ్చాడు. ఊళ్లో చాలామంది కాపీ డిస్కులతో నెట్టుకొస్తుంటే, ఆమె ఒక్కతే మెడలో గొలుసు తెగనమ్మి అసలుది కొనుక్కుంది. కొన్న రోజు దానికి పసుపు కుంకుమ కూడా పెట్టింది. ఇంత రోత పనికి వాడాల్సి వస్తుందని ఆనాడు అనుకోలేదు.

"ఇన్ని షాపులుండాయి. వేరే వాళ్లకు ఇయ్యగూడదా?"

"బయటిస్తే నలుగురికీ తెలుస్తాదక్కా."

ఛీ అనుకుంది. పైకి మాత్రం ఏమీ అనకుండా ఆ సాఫ్ట్‌వేర్ తెరిచి, ఒక ఎర్ర గులాబీని ఎంచి ఆ ముఖం మీద పెట్టింది. ముఖం కదిలినప్పుడల్లా పువ్వూ దాంతో పాటు కదిలేలా సరిచేసింది. పెళ్లికూతురి వెనక నిలువెత్తు చీర, దాని మీద తలకాయకు బదులు గులాబీ. చూడలేక కళ్లు తిప్పుకుంది.

సురేంద్ర తెరకు దగ్గరగా వంగాడు.

"జడ పట్టుకున్న చేతులు కనపడతాండాయక్కా. మా మామ గుర్తుపడ్తాడు."

మనిషన్నవాడు అడిగే మాటేనా ఇది? అయినా ఇంకో రెండు పువ్వులు పెట్టింది. చీర మీదికి ఒక పూలగుత్తినే జరిపింది. ఇప్పుడు జడ దానంతట అదే గాల్లోకి లేస్తోంది. సురేంద్ర తృప్తిగా తాళి కడుతున్నాడు.

"బాగుండాది," అన్నాడు.

సీడీ రాయడం పూర్తయింది.

పూల కింద తన ముఖం ఎక్కడా బయటపడలేదని మరోసారి చూసుకుని, భ్రమరాంబిక ఆ సీడీని సొంత తమ్ముడి చేతిలో పెట్టింది.