కూర్చున్న మనిషి

నాంచారయ్య కాలి కింద రాయి జారింది.

కళ్ళు తెరిచేసరికి రెండు నిలువుల లోతు గుంతలో ఉన్నాడు. రెండు చేతులూ బారచాపే చోటు లేదు. గోడలు పట్టు దొరకని నున్నటి రాయి.

దివిసీమ మనిషి. మాచెర్ల సంతకు ఎండు చేపలు తెచ్చాడు. సరుకు చెల్లిపోయింది. రైలు మర్నాటికి గాని లేదు. తమ ఊరి పక్కన సముద్రంలో కలిసే కృష్ణమ్మ కొండ మీంచి ఎలా ఉంటుందో చూద్దామని, పొద్దున్నే ఒక్కడూ కొండెక్కాడు.

చూశాడు. మొలతాడంత ఉంది.

దిగేటప్పుడు దారి తప్పాడు.

దివిలో దారి తప్పితే కాలవ వెంట నడుస్తారు. నీరెటు పోతే ఊరటు. అక్కడి వాళ్ళకు ఉగ్గుపాలతో వచ్చిన తెలివి అది.

ఇక్కడా వాగు వెంటే నడిచాడు. ఈ సున్నపురాతి కొండల్లో నీరు ఊరికి పోదు. రాయిని తొలుచుకుని భూమిలోకి పోతుంది. అది దిగే బొరియలోనే ఇప్పుడు నాంచారయ్య ఉన్నాడు. సన్నటి నీటి పాయ పాదాల మీదుగా రాళ్ళ సందుల్లోకి జారిపోతోంది.

గొంతు ఎండేదాకా అరిచాడు.

చాలాసేపటికి పైన ఒక తలపాగా కనపడింది. ముసలాయన.

"ఏందబ్బాయ్, దెబ్బలు తగిలినయ్యా?"

"లేదు తాతా. తాడుందా?"

"లేదు."

ముసలాయన అటూ ఇటూ చూశాడు. ఉన్నట్టుండి గబుక్కున పక్కకు జరిగి చతికిలబడ్డాడు. ఇక నాంచారయ్యకు కనిపించేది ఒక మోకాలు, తలపాగా చెంగు.

"కూర్చున్నావేంటి? వెళ్ళి నలుగుర్ని పిల్చుకురా!"

"లెగలేను నాయనా. మా గొర్రెలోళ్ళు నీళ్ళ ఏళకి ఇటే వస్తారు. అందాకా నువ్వు కదలమాక."

నాంచారయ్య తలెత్తాడు. పడమట నల్లగా మబ్బు పట్టింది. వాన పడితే వాగంతా తన నెత్తినే దిగుతుంది.

గోడ పట్టుకుని ఎగబాకబోయాడు. గులకరాళ్ళు రాలాయి.

"కదలమాకన్నానా!" ముసలాయన కసిరాడు. ఆ వెంటనే మూలిగాడు. "మాటలు చెప్పు. ఏ ఊరు మీది?"

"దివిసీమ. ఇప్పుడు ఊరెందుకు తాతా, మబ్బు చూడు!"

"చూస్తన్నా. ఆడ కొండలుంటయ్యా?"

"కొండలా! మాకు గులకరాయి కూడా దొరకదు. పిల్లలు జామకాయలు కొట్టాలన్నా మట్టిగడ్డే."

"అయితే మీ ఊళ్ళో కుక్కలది దొర బతుకన్నమాట."

నాంచారయ్యకు నవ్వు రాలేదు.

"మా వైపు ఎవరైనా కాలవలో పడితే ఒంటిమీద పంచె ఉందో లేదో కూడా చూసుకోం. దూకేస్తాం. నువ్వేమో కాలు కదపవు."

"నీళ్ళయితే నేనూ దూకుదును నాయనా. ఇది రాయి."

మొదటి చినుకు నాంచారయ్య నుదుటి మీద పడింది. పాదాల దగ్గర నీరు చీలమండకు వచ్చింది. కాసేపటికి పిక్కలకు. ఇంట్లో పెళ్ళాం ముత్యాలమ్మ గుర్తొచ్చింది. ఏడ్చాడు, తిట్టాడు, దణ్ణం పెట్టాడు. పైన మోకాలు మాత్రం అంగుళం కదల్లేదు.

నీరు మోకాళ్ళు దాటాక గొర్రెల అరుపులు వినపడ్డాయి.

ఇద్దరు కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ముసలాయన వాళ్ళతో లోగొంతులో ఏదో అన్నాడు. ఇద్దరి తలపాగాలూ ముడేసి, అవతలి వైపు నుంచి లోపలికి వదిలారు. నాంచారయ్య పైకొచ్చి పడ్డాడు.

అప్పుడు చూశాడు ముసలాయన్ని. ఒక బండకు చేరగిలబడి, కాళ్ళు మరో రాతికి తన్నిపెట్టి, అరుగు మీద కూర్చున్నంత తీరుబడిగా ఉన్నాడు. వానకు కళ్ళు మూసుకున్నాడు.

నాంచారయ్యకు ఒళ్ళు మండింది.

"మా దివిలో నీలాంటోణ్ణి మనిషనరు!"

ఒక కుర్రాడు మీదికి రాబోయాడు. ముసలాయన ఒరే అన్నాడు, అంతే. తర్వాత కళ్ళు తెరవకుండానే, "ఎల్లు నాయనా. అడుగు చూసుకుని దిగు," అన్నాడు.

నాంచారయ్య వెనక్కి తిరగలేదు. సగం దిగాక పైన పెద్ద చప్పుడైంది. పిడుగనుకున్నాడు.

ఆ ఏడాదంతా ఆ కథే చెప్పాడు. పామర్రు బస్సుల దగ్గర చెప్పాడు, బందరు చేపల బజార్లో చెప్పాడు. మోకాలు కదపని ముసలాడు అనగానే జనం నవ్వేవారు.

మరుసటేడు మళ్ళీ మాచెర్ల సంతకు వెళ్ళాడు. బుట్ట చుట్టూ పదిమంది పోగయ్యారు. అదే కథ ఎత్తుకున్నాడు. ముసలాడిలా చేరగిలబడి కళ్ళు మూసుకుని చూపించాడు కూడా.

అందరూ నవ్వారు. వీసె ఎండు నెత్తళ్ళు కొంగులో పోయించుకున్న ఒకామె మాత్రం నవ్వలేదు.

"పోయినేడు పెద్దవాన పడ్డ దినమేనా?"

"ఆ రోజే. నీకెలా తెలుసమ్మా?"

ఆమె కొంగు విప్పి నెత్తళ్ళన్నీ తిరిగి బుట్టలో పోసింది.

"ఆయన మా మావ."

"అయ్యో, ఏదో వేళాకోళానికి అన్నానమ్మా. కులాసాగా ఉన్నాడా?"

"మాఘంలో పోయాడు. ఆ దినం నించి నడుం లెగలా."

నాంచారయ్య తక్కెడ కింద పెట్టాడు.

"ఏమైంది?"

"నీకు చెప్పొద్దని మా పిల్లోళ్ళతో అన్నాడంట. భయపడి ఇంక మన కొండలకేసి రాడేమో అన్నాడంట."

"ఏం చెప్పొద్దని?"

ఆమె కొంగు దులుపుకుంది. గొంతు పెంచలేదు.

"ఆయన ఊరికే ఆనుకోలేదన్నా, నువ్వు పడ్డప్పుడే కదిలిపోయిన బండ అది, నువ్వు బయటికొచ్చిందాకా నీ నెత్తిన పడకుండా వీపుతో ఆపి కూచున్నాడు."