ఉరి సీను రోజు

“ఆ తాడు బిగుసుకోదు కదమ్మా? అంతా బాగానే ఉందంటారు. చివరికి ఏదో ఒకటి జరిగిపోతుంది.”

పొద్దుట్నుంచీ ముసలావిడది అదే మాట. ఆడ్రీ పళ్ళ మధ్య పట్టుకున్న గుండుసూది తీసి చొక్కాకి గుచ్చింది.

“బిగుసుకోదమ్మా. చొక్కా లోపల భుజాలకీ నడుముకీ పట్టీలుంటాయి. బరువంతా వాటిదే. మెడలోది ఉత్తుత్తి తాడు. పట్టీలు కుట్టింది నేనే.”

“గట్టిగా కుట్టావా?”

“మా వాడు వేసుకుని దూకినా తెగవు. వాడు నాకు రెండింతలుంటాడు.”

ఆవిడ నవ్వలేదు. కోటైనా విప్పకుండా, ఒళ్ళో రేకు డబ్బా పెట్టుకుని, వేలాడే బట్టల మధ్య ముక్కాలి పీట మీద ఒదిగి కూర్చుంది. తెల్లారకముందే వేల్స్‌లో రైలెక్కి లండన్ వచ్చిందట. నటుల ఇంటివాళ్ళని లోపలికి రానివ్వరు. కానీ ఎమ్రిస్ తనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, “ఈవిణ్ణి కాస్త చూసుకో ఆడ్రీ” అని అప్పగించి వెళ్ళాడు.

ఎమ్రిస్ అన్నది అతని పాత్ర పేరు. షూటింగ్ మొదలైన నాటి నుంచి అందరూ అలాగే పిలుస్తున్నారు. ముసలావిడ నోట కూడా అదే పేరు వింటే ఆడ్రీకి ముచ్చటేసింది. అతనికి ఆ వేల్స్ యాస అంత చక్కగా ఎలా పట్టుబడిందో కూడా ఇప్పుడే తెలిసింది.

కథ నిజంగా జరిగిందే. కింది వాటాలో ఉండే పెద్దమనిషొకడు ఆడవాళ్ళని ఒకరి తర్వాత ఒకరిని చంపి బొగ్గుల కొట్టులో పాతిపెట్టాడు. పై వాటాలో అద్దెకున్న ఎమ్రిస్ అనే కుర్రాడికి కాబోయే పెళ్ళాన్నీ చంపి, నేరం ఆ అమాయకుడి మీదికి నెట్టాడు. కోర్టు నమ్మింది. అసలువాడు దొరికేసరికే కుర్రాణ్ణి ఉరితీసేశారు. ఇవాళ తీసేది ఆ సీనే.

నార్మన్ తలుపులోంచి తల పెట్టాడు. డైరెక్టరు కింద పనిచేసేవాడు, నోటికి అదుపు లేనివాడు.

“దేశంలో ఉరి ఎత్తేశాక ముడి వెయ్యడం ఒక్కడికీ చేతకావట్లేదు ఆడ్రీ! క్రిస్మస్ పొట్లానికి కట్టినట్టు కట్టారు!”

ముసలావిడ తల దించుకుంది.

“నోరు ముయ్యి నార్మన్. ఎదురుగా ఎవరున్నారో చూసుకోవా?”

నార్మన్ వెనకే ఎమ్రిస్ వచ్చి చొక్కా తొడుక్కున్నాడు. ఆవిడ డబ్బా మూత తీసింది. పెనం మీద కాల్చిన ఎండుద్రాక్ష రొట్టె బిళ్ళలు.

“తిను బాబూ.”

“సీను అయ్యాక తింటానమ్మా.”

“తర్వాత అనకు.” ఆవిడ డబ్బా అతని ముందుకి జరిపింది. “ఇప్పుడే తిను.”

అతను ఒకటి తిన్నాడు. ఆవిడ అతని మెడకేసి చూస్తూ లేచింది.

“ఆ పై గుండీ పెట్టనా?”

“మెడ తెరిచే ఉండాలమ్మా, డైరెక్టరు ఒప్పుకోడు” అంది ఆడ్రీ.

“పెట్టి తీసేస్తాను.” చేతులు చాచి, సగంలో ఆపి, ఆవిడ ఆడ్రీ వైపు తిరిగింది. “ముట్టుకోవచ్చా?”

“అదేం మాటమ్మా! మీకు కాక ఇంకెవరికుంది హక్కు?”

గుండీ పెట్టింది. కాలరు సవరించింది. తీసింది. మళ్ళీ పెట్టింది. అతను బడికి వెళ్ళే పిల్లాడిలా గడ్డం పైకెత్తి కదలకుండా నిలబడ్డాడు. నార్మన్ కేకేసేదాకా ఆ చేతులు కాలరు వదల్లేదు.

అతను సెట్టులోకి వెళ్ళగానే తలుపు మూసేశారు. పైన ఎర్రదీపం వెలిగింది. ఇద్దరాడవాళ్ళూ బయటే ఉండిపోయారు.

“ఈ తలుపులోంచే వస్తాడా?”

“ఇందులోంచే వస్తాడమ్మా.”

లోపల దభీమని చప్పుడైంది. ఆవిడ గోళ్ళు ఆడ్రీ చేతిలో దిగబడ్డాయి. ఆడ్రీకి తన పట్టీలు గుర్తొచ్చాయి. ఎడమ భుజం దగ్గర రెండో వరస కుట్టు వేశానా, లేదా? లోపలి నుంచి ఒక్క మాటా లేదు. ఆడ్రీ తలుపుకి చెవి ఆనించింది.

ఎర్రదీపం ఆరింది. తలుపు తెరుచుకుంది. ఎమ్రిస్ వచ్చాడు.

ఆవిడ అతని మెడ చుట్టూ తడిమింది, చెవుల వెనక తడిమింది.

“వచ్చావా?”

“వచ్చానమ్మా.”

“నొప్పి పుట్టిందా? నిజం చెప్పు.”

“లేదమ్మా. ఏమీ తెలియలేదు.”

“ఈ మాట కోసమే వచ్చాను బాబూ.” డబ్బా అతని చేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకుని, ఆవిడ రైలుకి బయల్దేరింది. వెనక్కి చూడలేదు.

పట్టీలు విప్పుతూ ఆడ్రీ విరుచుకుపడింది.

“బుద్ధుందా నీకు? కన్నతల్లిని ఇలాంటి సీనుకా తీసుకొస్తారు? ఆ చేతులు నీ కాలరు వదల్లేదు, చూశావా? మా వాడైతే చెంప పగలగొట్టేదాన్ని!”

పట్టీలు ఊడాయి. చొక్కా చిలక్కొయ్యకెక్కింది. సెట్టులో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. అతను ఒళ్ళోని డబ్బా వైపే చూస్తూ కూర్చున్నాడు.

“నిన్నే అడిగేది. మీ అమ్మకి ఈ కడుపుకోత ఎందుకు పెట్టావు?”

అతను తలెత్తాడు.

“నిజంగా ఉరితీసింది ఆవిడ కొడుకునే.”